హెడ్జ్ ట్రిమ్మర్ ఎంపిక డైరీ: 22 మీటర్ల కంచె, నాలుగు మెషిన్లు, ఒక తెగిన వైరు

ఇంటి తోటకి హెడ్జ్ ట్రిమ్మర్ (మొక్కల కంచెని కత్తిరించే మెషిన్) కొనబోయేవాళ్ళు నా తప్పులు మళ్ళీ చేయకుండా ఉండాలని ఈ లెక్కలన్నీ ఒకచోట పెడుతున్నాను. కొలతలు టేపుతో, వెర్నియర్ కాలిపర్‌తో, సామాను తూచే కొక్కెం కాటాతో, ఫోన్ స్టాప్‌వాచ్‌తో తీసుకున్నవి. కంపెనీల పేర్లు రాయడం లేదు. నా కంచెకి కుదిరిన మోడల్ మీ కంచెకి కుదరాలని లేదు కానీ, కొలిచే పద్ధతి ఎవరికైనా పనికొస్తుంది.

దశ 0: చేతి కత్తెర

కంచె డురంటా మొక్కలది. పొడవు 22 మీటర్లు, ఉండాల్సిన ఎత్తు 1.4 మీటర్లు, మందం 0.7 మీటరు. మూడు నెలలుగా ముట్టుకోలేదు. అటు పక్క, ఇటు పక్క, పైభాగం కలిపితే ఒక్కో మీటరు పొడవుకి 3.5 చదరపు మీటర్లు కోయాలి. మొత్తం 77 చదరపు మీటర్లు. అప్పటిదాకా "ఇరవై మీటర్లేగా" అనుకుంటూ వచ్చాను. కోసేది పొడవు కాదు, వైశాల్యం అని బొబ్బలు లేచాక బుర్రకెక్కింది.

పెద్ద కత్తెరతో 3 మీటర్లు చేశాను. 65 నిమిషాలు పట్టింది. చదరపు మీటరుకి 6 నిమిషాల పైమాటే. అలాగే కొనసాగితే మొత్తం కంచెకి దాదాపు 8 గంటలు.

కత్తెరకి న్యాయం చేయాలి కాబట్టి ఒక మాట: ఈ డైరీ మొత్తంలో అన్నిటికన్నా శుభ్రమైన కోత దానిదే. వారం తర్వాత చూసినా ఆకుల అంచులు గోధుమరంగుకి తిరగలేదు. మీ కంచె ఐదారు మీటర్లే అయితే ఇక్కడే చదవడం ఆపేసి ఆ కత్తెరకి పదును పెట్టించుకోండి.

ఇప్పటిదాకా: 3 మీ., 10.5 చ.మీ., 65 నిమిషాలు.

దశ 1: కొమ్మల మందం, రెండుసార్లు

ట్రిమ్మర్ పెట్టె మీద ముఖ్యంగా రెండు అంకెలు ఉంటాయి: బ్లేడు పొడవు, పళ్ళ మధ్య ఖాళీ. ఆ ఖాళీలో పట్టని కొమ్మ తెగదు. పట్టినంత మాత్రాన తెగుతుందనీ లేదు. మోటారుకి ఆ బలం ఉండాలి. కాబట్టి ముందు కొమ్మలు కొలవాలి.

మొదటిసారి కొలిచి మోసపోయాను. బయటికి పొడుచుకొచ్చిన చిగుళ్ళని పట్టుకుని కొలిచాను. అన్నీ 3, 4 మి.మీ. "ఏ బొమ్మ మెషినైనా చాలు" అని రాసుకున్నాను కూడా. కానీ కోత పడేది చిగురు మీద కాదు. మూడు నెలలు వదిలేసిన కంచెలో కోత గీత పాతిక సెంటీమీటర్లు లోపల ఉంటుంది, అక్కడ కొమ్మ వేరే మనిషి. రెండోసారి ఇలా చేశాను:

1. కంచె రెండు చివర్లా కర్రలు పాతి, కావలసిన ఎత్తులో పురికొస బిగించి కట్టాను.
2. పది చోట్ల ఆగి, పురికొస తగిలే వరసలో చోటుకి ఆరు కొమ్మలు కొలిచాను. కళ్ళు మూసుకుని పట్టుకోవాలి. చూస్తూ ఎంచితే చెయ్యి సన్నవాటి మీదికే పోతుంది.
3. 6 మి.మీ. లోపు, 6 నుంచి 12, 12 పైన అని మూడు గుంపులు చేశాను.
4. అన్నిటికన్నా లావుది విడిగా రాశాను.

60 కొమ్మల్లో 6 మి.మీ. లోపువి 38, మధ్యరకం 14, 12 పైనవి 8. లావుది 19 మి.మీ.

ఆ 8 కొమ్మలే తర్వాత నన్ను తప్పుదోవ పట్టించాయి.

దశ 2: అరువు తెచ్చిన కరెంటు మెషిన్

కొనేముందు వాడి చూడాలని మా బావ దగ్గర వైరుది తెచ్చాను. 500 వాట్లు, 55 సెం.మీ. బ్లేడు, కాటాకి తగిలిస్తే 3.4 కిలోలు. ఎక్స్‌టెన్షన్ వైరు 30 మీటర్లు.

వైరు పొడుగైతే మెషిన్‌కి బలం తగ్గుతుందని చాలామంది భయపెట్టారు. లెక్క వేశాను. 230 వోల్టుల లైను మీద 500 వాట్లంటే 2.2 ఆంపియర్లు. 1.5 చదరపు మి.మీ. రాగి వైరు 30 మీటర్లు, పోను రాను 60 మీటర్లు, నిరోధం ముప్పావు ఓమ్ దగ్గర. పడిపోయేది 2 వోల్టుల లోపే. అది లెక్కలోకి రాదు. చుట్ట విప్పకుండా వాడితే వైరు వేడెక్కడం మాత్రం నిజం, పూర్తిగా విప్పి పరచాలి.

అసలు చిక్కు వైరు ఎక్కడ పడి ఉందన్నది. నేను ప్లగ్‌కి దూరంగా ఉన్న చివర మొదలుపెట్టి ప్లగ్ వైపు నడుస్తూ వచ్చాను. ఒక్కో అడుగుకీ మిగులు వైరు నా ముందే పోగుపడింది, సరిగ్గా బ్లేడు వెళ్ళే దారిలో. 10 మీటర్లు కోశాక, 58వ నిమిషంలో, టక్‌మని చిన్న చప్పుడు. చేతిలో మెషిన్ చచ్చిపోయింది, ఇంట్లో ఫ్యాన్లు ఆగిపోయాయి. ఆకుల మధ్య ఆకుపచ్చ వైరు రెండు ముక్కలు. తోటపని వైరు ఆకుపచ్చ రంగులో ఎవరు చేశారో కానీ, నారింజ రంగుది కొనుక్కోండి.

ముందు ప్లగ్ పీకాను, తర్వాతే వైరు ముట్టుకున్నాను. 30 మిల్లీఆంపియర్ల లీకేజీకే లైను కొట్టేసే బ్రేకర్ ఉండబట్టి తెగిన వైరుతోనే పోయింది. అది లేని ఇంట్లో వైరు ట్రిమ్మర్ వాడొద్దు. నేను మార్చిన పద్ధతి:

1. ప్లగ్ దగ్గరి చివర మొదలుపెట్టి దూరంగా జరగాలి. వైరు ఎప్పుడూ వెనకే ఉంటుంది.
2. వైరుని వీపు మీదుగా తెచ్చి కుడి భుజం మీంచి హ్యాండిల్‌కి దింపాలి.
3. హ్యాండిల్ దగ్గరున్న కొక్కేనికి ఒక మెలిక వేయాలి, లేకపోతే లాగినప్పుడల్లా ప్లగ్ ఊడుతుంది.

బావకి ఫోన్ చేశాను.

"కంచెతో పాటు వైరు కూడా ట్రిమ్ చేశావా?"

"చేశాను బావా. అన్నిటికన్నా నీటుగా తెగింది అదే."

58 నిమిషాల్లో 19 నిమిషాలు వైరు సర్దడానికే పోయాయి. లావు కొమ్మలు పళ్ళలో ఇరుక్కుని మెషిన్ ఏడుసార్లు ఆగింది. కోత మాత్రం బాగుంది. కొత్త వైరు బావకి నేనే కొనిచ్చాను, నారింజ రంగుది.

ఇప్పటిదాకా: 13 మీ., 45.5 చ.మీ., 123 నిమిషాలు.

దశ 3: పెట్రోలుది, 28 నిమిషాలు

తోటపని చేసే ఒకాయన తన పెట్రోలు మెషిన్ ఒక పూట ఇచ్చాడు. 22 సీసీ టూ-స్ట్రోక్, 60 సెం.మీ. బ్లేడు, ట్యాంకు నింపాక 5.3 కిలోలు. లీటరు పెట్రోలుకి 20 మి.లీ. టూ-స్ట్రోక్ ఆయిల్, అంటే 50కి 1 పాలు.

తొమ్మిదిసార్లు తాడు లాగినా అంటుకోలేదు.

"అన్నా, స్టార్ట్ అవట్లేదు."

"ఒకసారి దగ్గిందా తమ్ముడూ?"

"మూడోసారి దగ్గింది."

"అప్పుడే చోక్ తెరవాలి. ఇప్పుడు లోపలంతా పెట్రోలే ఉంటుంది, స్పార్క్ ప్లగ్ తీసి తుడువు."

ప్లగ్ తీస్తే నిజంగానే తడిసి ఉంది. తుడిచి, బిగించి, చోక్ తెరిచి లాగితే రెండోసారికి అందుకుంది. 12 నిమిషాలు దీనికే.

కోత గురించి చెప్పడానికి పెద్దగా లేదు. 19 మి.మీ. కొమ్మని చిగురులా కోసేసింది. 4 మీటర్లు 16 నిమిషాల్లో అయిపోయాయి. కానీ దించేసరికి అరచేతులు జివ్వుమంటున్నాయి, గ్లాసుతో నీళ్ళు తాగుతుంటే వేళ్ళు వణికాయి. చెవులకి మఫ్ లేకుండా దగ్గరికి వెళ్ళలేం. పైగా కలిపిన పెట్రోలు నెలల తరబడి నిలవుంటే పాడై కార్బురేటర్ని పట్టేస్తుంది. వారానికి ఐదు తోటలు చేసేవాడికి ఇదే సరైంది. నాకున్నది ఒక్క కంచె.

ఇప్పటిదాకా: 17 మీ., 59.5 చ.మీ., 151 నిమిషాలు.

దశ 4: కొన్నాను, తప్పుది కొన్నాను

బ్యాటరీదే అని తేల్చుకున్నాక బోర్డుల మీది వోల్టుల గోల మొదలైంది. 18 వోల్టులది, 20 వోల్టులు మ్యాక్స్ అని రాసినది ఒకటే. లోపల ఐదు లిథియం సెల్స్ వరసగా ఉంటాయి; ఒక్కోటి మామూలుగా 3.6 వోల్టులు, పూర్తిగా ఛార్జి అయినప్పుడు 4 దాటుతుంది. ఐదు 3.6లు 18, ఐదు నాలుగులు 20, ఇష్టమొచ్చిన లెక్క రాసుకుంటారు. చూడాల్సింది వోల్టులని ఆంపియర్-అవర్లతో గుణిస్తే వచ్చే వాట్-అవర్లు. 18 ఇంటూ 2 అయితే 36, 18 ఇంటూ 4 అయితే 72.

ఇంతవరకు తెలివిగానే ఉన్నాను. తర్వాత ఆ 8 లావు కొమ్మలు గుర్తొచ్చాయి. వాటి కోసం పళ్ళ ఖాళీ 20 మి.మీ. ఉన్నది, "పొడుగు బ్లేడు అయితే తొందరగా అవుతుంది" అని 60 సెం.మీ.ది, "మధ్యలో ఆగకూడదు" అని 4 ఆంపియర్-అవర్ల బ్యాటరీ తీసుకున్నాను. బ్యాటరీతో కలిపి 3.6 కిలోలు.

2 మీటర్లు కోశాను, 14 నిమిషాలు. పక్క నుంచి చూస్తే పైభాగం అలలు అలలుగా ఉంది. మొదట నా చెయ్యి వంకర అనుకున్నాను. మెషిన్ని ముందు హ్యాండిల్ దగ్గర తాడుతో వేలాడదీసి చూస్తే సంగతి తెలిసింది. బ్లేడు వైపు ముక్కు కిందికి వాలిపోతోంది. ఆ వాలుని మణికట్టు ఎత్తి పట్టుకోవాలి. నాలుగు నిమిషాలు పట్టి ఉంచుతుంది, ఐదో నిమిషంలో వదిలేస్తుంది, అక్కడ కంచెలో గుంట పడుతుంది. మళ్ళీ సర్దుకుంటే దిబ్బ. పైగా గేటు స్తంభానికీ కంచెకీ మధ్య 60 సెంటీమీటర్ల బ్లేడు తిరగనే లేదు.

మెషిన్ని కొనేముందు చేయాల్సిన పరీక్ష ఇది, నేను కొన్నాక చేశాను:

1. బ్యాటరీ పెట్టి పట్టుకోవాలి. పెట్టె మీది బరువు చాలాసార్లు బ్యాటరీ లేకుండా రాసింది.
2. భుజం ఎత్తులో బ్లేడుని అడ్డంగా పట్టుకుని, వాచీ చూసుకుంటూ ఐదు నిమిషాలు ఎడమా కుడీ ఊపాలి. సిగ్గుపడకూడదు.
3. బ్లేడు నిలువుగా తిప్పి, పక్క కోస్తున్నట్టు కింది నుంచి పైకి ఇరవైసార్లు.
4. రెండు చేతులతో రెండు స్విచ్‌లు నొక్కితేనే నడుస్తోందా, ఒకటి వదలగానే బ్లేడు ఆగుతోందా చూడాలి.
5. కింది బ్లేడు, పై బ్లేడు రెండూ కదులుతున్నాయా చూడాలి. రెండూ ఎదురెదురుగా కదిలేదాంట్లో అదురు తక్కువ.

ఇప్పటిదాకా: 19 మీ., 66.5 చ.మీ., 165 నిమిషాలు.

దశ 5: మార్చుకున్నది

గడువులోపే కాబట్టి మార్చి ఇచ్చారు. ఈసారి 50 సెం.మీ. బ్లేడు, పళ్ళ ఖాళీ 16 మి.మీ., 2 ఆంపియర్-అవర్ల బ్యాటరీ. కాటా మీద 2.7 కిలోలు. మునుపటికన్నా 900 గ్రాములు తక్కువ, అందులో పావుకిలో దాకా బ్యాటరీదే. పెద్ద బ్యాటరీలో అదనంగా ఐదు సెల్స్ ఉంటాయి, ఒక్కోటి 45 నుంచి 50 గ్రాములు.

ఎక్కడిదాకా కోస్తుందో చూద్దామని కోసి పడేసిన పచ్చి కొమ్మల్ని కాలిపర్‌తో ఏరి, వరసగా నేలలో గుచ్చి పెట్టాను. 10 మి.మీ. తెగింది. 12 తెగింది, మోటారు గొంతు మారింది. 14 దగ్గర పళ్ళు కొమ్మలో సగం దాకా దిగి ఆగిపోయాయి, మీట వదిలి వెనక్కి లాగాల్సొచ్చింది. కొమ్మ మీద రెండు వైపులా కరిచిన గుర్తు, మధ్యలో 6 మి.మీ. తెగకుండా. అంటే ఖాళీ 16 అని రాసి ఉన్నా నా మెషిన్ నిజమైన హద్దు 12.

మరి ఆ లావు కొమ్మలు? వాటిని ముందే లాపర్‌తో (లావు కొమ్మలు కోసే పొడుగు పిడుల కత్తెర) కోసేశాను, కంచె ముఖం కన్నా నాలుగు వేళ్ళు లోపలికి, మోడు బయటికి కనబడకుండా. 3 మీటర్లలో 11 కొమ్మలు, 5 నిమిషాలు. వాటి కోసం 900 గ్రాములు అదనంగా ఏడాది పొడుగునా మోయబోయాను.

3 మీటర్లు, లాపర్ పని కాక 13 నిమిషాలు. అలలు లేవు.

ఇప్పటిదాకా: 22 మీ., 77 చ.మీ., 178 నిమిషాలు. మొదటి కోత పూర్తి. ఊడ్చి ఎత్తడం ఇందులో కలపలేదు. అది ఇంకో గంటన్నర. ఏ మెషిన్ కొన్నా ఈ గంటన్నర తగ్గదు. కంచె మొదళ్ళ దగ్గర పాత దుప్పటి పరిస్తే కొంత నయం. డురంటా కాయలూ ఆకులూ విషం కాబట్టి కోసింది పశువులకి వేయకూడదు.

దశ 6: మూడో వారం, నమిలిన కోత

మధ్యలో మందార పొదల మీద వాడాను. తర్వాత వారం డురంటా చివర్లు రెండు సర్దబోతే ఆకులు తెగడం లేదు, చిరుగుతున్నాయి. సన్న రెమ్మలు బ్లేడుల మధ్య మడతపడి అక్కడే ఉండిపోతున్నాయి. రెండు రోజులకి ఆ భాగమంతా గోధుమరంగు.

బ్యాటరీ తీసేసి చూస్తే బ్లేడు మీద గట్టిపడిన పొర, గోరుతో గీకితే గంజిలా లేస్తోంది. కిరసనాయిలుతో తుడిచాను. రాలేదు. ఇంకొంచెం పోసి రుద్దాను. రాలేదు. ఎందుకని ఆలోచిస్తే, పైన్ జాతి చెట్ల బంకలాంటిది కాదిది. మందార జిగురు నీళ్ళలో కరిగే రకం. సబ్బునీళ్ళ గుడ్డ పెట్టి ఐదు నిమిషాలు ఉంచితే మొత్తం వచ్చేసింది. వెంటనే పొడిగుడ్డతో తుడిచి, పల్చటి మెషిన్ ఆయిల్ రాసి, బ్యాటరీ పెట్టి పది సెకన్లు తిప్పాను. పైన్‌లాంటి చెట్టు బంకయితే కిరసనాయిలు, జిగురుదైతే నీళ్ళు.

మడతపడటం మాత్రం తగ్గలేదు. బ్లేడు పొడవునా ఉన్న స్క్రూలు వదులయ్యాయి. నేను వాటిని కసిగా బిగించేశాను. మెషిన్ మూలిగింది, రెండు నిమిషాల్లో బ్లేడు ముట్టుకోలేనంత వేడి. సరైన పద్ధతి:

1. వెనకాల నట్టు వదులు చేయాలి.
2. స్క్రూ పూర్తిగా బిగించి, పావు చుట్టు వెనక్కి తిప్పాలి.
3. స్క్రూ కదలకుండా పట్టుకుని నట్టు బిగించాలి.
4. ఒక నిమిషం ఖాళీగా నడిపి, బ్లేడు వేడి చూడాలి. గోరువెచ్చగా ఉంటే సరే.

పదును కూడా అప్పుడే పెట్టాను. చదును ఆకురాయితో, వాలు ఉన్న అంచు మీద మాత్రమే, ఆ వాలులోనే, ఒకే దిక్కుకి, పన్నుకి నాలుగైదు గీతలు. మొదటి పన్నుకి అడుగు భాగం కూడా రుద్దేశాను. రుద్దకూడదు, రెండు బ్లేడులూ అతుక్కుని జారేది అక్కడే. ఆ పన్ను దగ్గర ఇప్పటికీ ఆకు కొంచెం చిరుగుతుంది.

దశ 7: రెండో కోత, ఐదు వారాలకి

మునుపు మూడు నెలలకి ఒకసారి కోసేవాణ్ణి. ఈసారి ఐదు వారాలకే దిగాను. ముందు పురికొస కట్టి మళ్ళీ 60 కొమ్మలు కొలిచాను. 6 మి.మీ. లోపు 57. 6 నుంచి 9 మధ్య 3. అంతకు పైన సున్నా. లాపర్ షెడ్డులోంచి బయటికే రాలేదు.

ఏ మెషిన్ కొనాలని ఇన్నాళ్ళూ తిరిగిన నేను ఎన్ని వారాలకి ఒకసారి కోస్తాను అని ఒక్కసారి కూడా అడగలేదు. మూడు నెలలు వదిలేసేవాడికి 20 మి.మీ. ఖాళీ కావాలి. ఐదు వారాలవాడికి చిన్న మెషినే ఎక్కువ.

ఆకారం కూడా మార్చాను. పక్కలు నిట్టనిలువుగా ఉంటే పైభాగం గొడుగులా కప్పేసి కింది ఆకులకి ఎండ అందదు, మొదళ్ళు బోసిపోతాయి. నావి అప్పటికే మోకాలి ఎత్తు దాకా బోసిపోయి ఉన్నాయి. కింద 70 సెం.మీ. అలాగే ఉంచి పైన 50కి తగ్గించాను. మీటరుకి 3.3 చదరపు మీటర్లు అయింది. పక్కలు కింది నుంచి పైకి విల్లులా ఊపుతూ, పైభాగం చివరన.

16వ మీటరు దగ్గర పిగిలిపిట్ట గూడు, అందులో మూడు పిల్లలు. బ్లేడుకి జానెడు దూరంలో చూశాను. ఆ మీటరు వదిలేశాను. మొదలుపెట్టేముందు కంచెని చేత్తో విడదీసి చూడటం ఇప్పుడు జాబితాలో మొదటి పని.

37వ నిమిషంలో బ్యాటరీ అయిపోయింది. ఛార్జింగుకి గంట. ఆ గంటలో ఊడ్చాను, ఎలాగూ ఊడ్చాలిగా. పెద్ద బ్యాటరీ అక్కర్లేదని అక్కడ తేలింది. మొత్తం 21 మీటర్లు, 58 నిమిషాలు. చదరపు మీటరుకి 50 సెకన్లు.

ఇప్పటిదాకా: 43 మీ., 146.3 చ.మీ., 236 నిమిషాలు.

దశ 7కి తోక: ఎనిమిదో వారం

గూడు ఖాళీ అయింది. మూడు రోజులు చూసి, ఎవరూ రావడం లేదని తెలిశాక ఆ మీటరు కోశాను. ఎనిమిది వారాల పెరుగుదల, లావు కొమ్మ 9 మి.మీ., మెషిన్ ఎక్కడా ఆగలేదు. 4 నిమిషాలు.

మొత్తం: 44 మీ., 149.6 చ.మీ., 240 నిమిషాలు. తర్వాతి కోతకి ముందు ఆ పాడుచేసిన పన్ను సంగతి చూడాలి.